దుర్గవ్వ కల్లం గాలి

సాతంరాయిలో దుర్గవ్వకు పొద్దున లేవగానే రెండు పనులు. చాయ్‌కి నీళ్లు పెట్టడం, కొంగున ముడి ఉందో లేదో తడిమి చూసుకోవడం. ఆ ముడిలో ఉన్నది గాలి. పొలాలు ప్లాట్లు కాకముందు, కల్లంలో వడ్లు తూర్పార పట్టేవేళ ఆకు కదలకపోతే జనం ఆమెకే కబురు పెట్టేవాళ్లు. ఆమె వచ్చి ఒక ముడి విప్పేది, పొల్లు ఎగిరిపోయేది, అందరూ నిమ్మళంగా ఇళ్లకు పోయేవాళ్లు. ఇప్పుడు కల్లాలూ లేవు, ముడులూ ఒక్కటి తప్ప మిగల్లేదు. ఆ ఒక్కటీ తన చితికని దాచుకుంది. వానల్లో పోతే కట్టెలు అంటుకోక కొడుకు పరేషాన్ అవుతాడని ఆమె ముందుచూపు.

కోడలు శ్రీలతది వేరే పిచ్చి. విడిభాగాల కిట్టు తెప్పించుకుని, ఖాళీ పడిన బర్రెల కొట్టంలో నట్టు నట్టూ బిగించి ఆటోజైరో కట్టింది. ఒక్కరే కూర్చునే చిన్న ఎగిరే బండి. ఇంజిను వెనక నుంచి తోస్తుంది, అంతే. నెత్తిమీది రెక్కల్ని తిప్పాల్సింది ఎదురొచ్చే గాలే. ఊరి మీదుగా రోజంతా విమానాలు పోతుంటాయి కాబట్టి అక్కడ ఎగరడానికి వీల్లేదు. నేర్చుకోవడానికైనా ఎగరడానికైనా దూరం పోవాల్సిందే.

ఆమె భర్త రాఘవేందర్‌కు ఆ బండంటే గిట్టదు.

"ఒక్కటే సీటు పెట్టిండ్రు దానికి. నువ్వు పడితే పట్టుకునేటందుకు పక్కన నేనుండ" అన్నాడు.

పాపం, ప్రేమను కోపంగా తప్ప చెప్పడం రాని మనిషి. చివరికి ఇద్దరికీ ఒప్పందం కుదిరింది. ఆదివారం గాల్లోకి లేస్తే బండి ఉంటుంది, లేవకపోతే అమ్మేస్తారు.

ఆదివారం పొద్దున పరిగి అవతల, అనుమతి తీసుకున్న పొట్టి మట్టిబాట మీద బండి నిలబెట్టారు. కొనడానికి మైలార్‌దేవ్‌పల్లి నుంచి వచ్చిన మహేష్ తన డీసీఎం వ్యాను వెనక తలుపు ముందే తెరిచి పెట్టుకున్నాడు. గాలికి ఆ రోజే సెలవు దొరికినట్టుంది. శ్రీలత రెక్కల్ని చేత్తో తిప్పి, ఎక్కి పరుగెత్తించింది. బాట అయిపోయింది గాని చక్రాలు నేల వదల్లేదు. రెండోసారీ అంతే. హెల్మెట్ తీసి మొహం పక్కకు తిప్పుకుంది. ఏడుపు ఆగడం లేదు.

"ఇగ ఎక్కియ్యనా అన్నా?" అన్నాడు మహేష్.

"జర ఆగు బిడ్డా" అని దుర్గవ్వ బాట ఆ చివరికి నడిచి, శ్రీలత వైపు తిరిగి కొంగు చేతిలోకి తీసుకుంది.

రాఘవేందర్ వెనకే ఉరికాడు. "అవ్వా, అది నీ ఆఖరి ముడి! మల్ల నీకెట్ల?"

"నాకేం తొందరున్నదిరా."

"గాలికి అది ఎటో కొట్టుకపోతే?"

"కల్లంల ఎన్నడు సూడలేదా? ఎగిరిపోయేది పొల్లు. గింజ కాళ్లకాడికే వస్తది."

ముడి విప్పింది. పాత వడ్ల వాసనతో గాలి బాట పొడుగునా కొట్టింది. డీసీఎం నిండా పొట్టు పడింది, మహేష్ తుమ్ముతూనే ఉన్నాడు. శ్రీలత గబగబా హెల్మెట్ పెట్టుకుని ఎదురుగాలిలోకి బండి తోలింది. సగం బాట దాటకముందే చక్రాలు లేచాయి.

రాఘవేందర్ మెడ నొప్పి పుట్టేదాకా పైకే చూశాడు. భయం పోలేదు గాని, సంతోషం దాన్ని మించిపోయింది. మొక్కజొన్న చేల మీద చుట్టు తిరిగి వచ్చి, శ్రీలత అతని కాళ్ల ముందే బండి ఆపింది. మహేష్ డీసీఎం తలుపు మూసుకున్నాడు.

రెక్కలు ఇంకా మెల్లగా తిరుగుతూనే ఉన్నాయి. దుర్గవ్వ వాటి పక్కన కొంగు పట్టి, గాలి నిండాక ముడేసింది.

"మల్ల చితికేనా అవ్వా?" అన్నాడు రాఘవేందర్.

"కాదురా. వచ్చే ఆదివారానికి."