ఇతర వాహనాలు

సాయంత్రమైతే చాలు, అమ్మాయి కంప్యూటర్ ముందు చేరేది. కారు నడిపే ఆట అది. క్లచ్ తొందరగా వదిలితే బండి ఆగిపోయేది, తడి రోడ్డు మీద టైరు జారేది. రోడ్డు మాత్రం వాళ్ల ఊరి రోడ్డే. ఎందుకని ఎవరూ అడగలేదు. ఆ పాత కంప్యూటర్ సెకనుకు ఏడు బొమ్మలకు మించి గీయలేక ఆయాసపడేది. అమ్మాయి సెట్టింగుల్లో మేఘాలు ఆపేసి తొమ్మిది చేసింది, చెట్లు ఆపేసి పన్నెండు చేసింది.

"ఏమే, తాడు కట్టిన చెట్టే మాయం చేశావు! ఉతికిన బట్టలన్నీ మట్టిపాలు!" నెలలు నిండిన పక్కింటి పిన్ని గోడ మీదుగా అరిచింది.

"ఒక్క రౌండు పిన్నీ, మళ్లీ పెట్టేస్తా."

పెట్టింది కూడా. అప్పుడే తెర మీద కొండమలుపు దగ్గర నాన్న బస్సు కనిపించింది. జనాన్ని దింపేసి ఖాళీ బస్సుతో డిపోకి ఎక్కుతున్నాడు. పైన నిలిపి ఉన్న లారీ ఒకటి, డ్రైవర్ లేకుండానే, దొర్లడం మొదలుపెట్టింది.

అమ్మాయి 'ఇతర వాహనాలు' ఆపేసింది.

నాన్న నడిచి ఇంటికొచ్చాడు. "బస్సేదే?"

"లారీ మీదికొస్తోంది నాన్నా. మళ్లీ పెడితే ఎక్కడివి అక్కడే వస్తాయి. నువ్వూ సీట్లోనే ఉంటావు."

"అయితే ఉండనీ," అంది అమ్మ. "ఊరంతా నడుస్తుంది. కాస్త పొట్టలు తగ్గుతాయి."

చీకటి పడకముందే పక్కింటి బాబాయి పరుగెత్తుకొచ్చాడు. "అన్నయ్యా, మా ఆవిడకి నొప్పులొస్తున్నాయి. బిడ్డ అడ్డం తిరిగిందట. ఆసుపత్రి వ్యాన్ లేదు, ఊళ్లో ఒక్క బండీ లేదు!"

"మంచం మీద మోసుకెళ్దాం," అంటూ అమ్మ కంప్యూటర్‌కి అడ్డంగా నిలబడింది.

"కొండ అవతలిదాకానా?" నాన్న ఆమెను మెల్లగా పక్కకు జరిపాడు. "లారీ ఎంత దూరంలో ఉందమ్మా?"

"రెండు సెకన్లు."

"చాలు. వస్తోందని తెలుసుగా, పక్కకు తిప్పేస్తా. నువ్వు లే."

కుర్చీలో సర్దుకుని కూర్చుని మీట నొక్కాడు. కుర్చీ ఖాళీ అయింది.

వీధి నిండా హారన్లు. పక్కింటి ముందు వ్యాన్ ఆగింది, తలుపు మూసుకుంది, వెళ్లిపోయింది.

"మీ నాన్న మలుపు దాటాడా?" అమ్మ గోడకేసి చూస్తూ అడిగింది.

అమ్మాయి తెరకి దగ్గరగా వంగింది. కొండమలుపు ఖాళీగా ఉంది, బస్సూ లేదు, లారీ లేదు, లోయ వైపు కంచె విరిగి ఉంది. ఈసారి తను ఏదీ ఆపలేదు.