పెట్టెలో పైనున్న చిప్పు

ఈ లిఫ్టులో ఎవరి చిప్పుందో, మనం సంతకం పెట్టిందే అయితే మధ్యలో వేలాడదీస్తుంది, తగిన శాస్తే, అనుకుంటూ ఆమె నాలుగో నంబరు నొక్కింది, చిప్పుల తనిఖీలో పద్నాలుగేళ్లు గడిపిన మనిషికి ఇప్పుడు ఇంట్లో మిక్సీ అన్నా గుండెదడే, ఆసుపత్రిలో ఊపిరి యంత్రాలన్నీ ఒక్క నిమిషంలో ఆగిపోయి ఇవాళ్టికి పదకొండు రోజులు, నర్సులు చేతులతో గాలి సంచులు పిసుకుతూ అందరి ప్రాణాలూ నిలబెట్టారట, ఒక్క పెద్దాయన మాత్రం ఇంకా కళ్లు తెరవలేదు, ఫ్యాక్టరీలో ఎవరో వాటి చిప్పు మూలన చిటికెడు గేట్లు, కరెంటుకి దారి తెరిచి మూసే బుల్లి మీటలు, కలిపారు, ఫలానా రోజున యంత్రాన్ని ఆపెయ్యమని, గుట్టుగా, ఆ చిటికెడునీ ఆడపడుచు ఆర్నెల్ల కిందటే పట్టుకుంది కదా,

వదినా, ఈ మూలన డ్రాయింగులో లేని గేట్లున్నాయి చూడు, అంది మైక్రోస్కోపు మీంచి తలెత్తకుండా, ఆ పిల్లకి తాను వేయించిన ఉద్యోగమే, ఇంట్లో దుప్పటి మడత వంకరగా ఉన్నా విప్పి మళ్లీ మడిచే రకం, డ్రాయింగుతో ఎవరు చూడమన్నారే, రిఫరెన్స్ చిప్పుతో చూడు, అందులో ఉన్నాయా, ఉన్నాయి, మరింకేం, వెల్వెట్ డబ్బాలో నమూనాగా దాచిన ఆ ఒక్క చిప్పుతో సరిపోలితే చాలు, అదీ అక్కడి పద్ధతి, మరి రిఫరెన్స్‌ని దేంతో పోల్చారు వదినా, మీ అన్నయ్యతో, అంతకంటే మచ్చలేని సరుకు నాకు దొరకలేదు, గదంతా గొల్లుమంది, ఆ పిల్లా నవ్వింది, కాస్త ఆలస్యంగా, చెవులు ఎర్రబడ్డాక, ఆ నవ్వుల్లోనే తాను సంతకం గిలికేసింది, మరుసటి నెల పిల్ల రాజీనామా, ఎందుకే అని అందరూ అడిగితే కళ్లు నొప్పులంది, వదిన పేరెత్తలేదు,

రేపు విచారణలో అడుగుతారు, మిమ్మల్ని ముందే ఎవరైనా హెచ్చరించారా, లేదండీ, ఆ ముక్క పొద్దున అద్దం ముందు మూడుసార్లు అప్పజెప్పుకుంది, మూడోసారి బాగానే కుదిరింది, ఇక మిగిలింది ఆడపడుచు నోరొక్కటే, అందుకే ఈ రాక, ఈ పళ్ల సంచీ, తలుపు తెరుచుకుంది, అయ్యో వదినా, ఫోన్ చేస్తే నేనే వచ్చేదాన్నిగా, ఏంటలా చిక్కిపోయావ్, రా కూర్చో, రేపేగా విచారణ, అన్నయ్య చెప్పాడు, నన్నెవరూ ఏం అడగలేదు, అడిగినా నేనేం చెప్పను, నువ్వు బెంగపెట్టుకోకు, అంటూ మంచినీళ్లు తెచ్చింది, అడక్కుండానే మాట ఇచ్చేసింది, వచ్చిన పని గుమ్మంలోనే అయిపోయింది, గ్లాసు పట్టుకుని కూర్చున్నాక తట్టింది, ఆ రిఫరెన్స్ చిప్పు కూడా అదే ఫ్యాక్టరీ నుంచి, అదే పెట్టెలో వచ్చింది, పైనుందని తీసి వెల్వెట్‌లో పెట్టింది తనే, వారం వారం దుమ్ము దులిపిందీ తనే, దాన్ని ఒక్కనాడూ డ్రాయింగు పక్కన పెట్టి చూడలేదు, ఈ పిల్లది చాదస్తమని తేల్చడానికి మాత్రం తననే కొలతగా పెట్టుకుంది, తనను ఎవరు తనిఖీ చేశారని, ఏంటి వదినా, ఏమైంది, ఏం లేదే, కూర్చో, మూడుసార్లు అప్పజెప్పుకున్న ముక్క ఇప్పుడెంత వెతికినా నోటికి రావట్లేదు, వస్తున్నది వేరే, చెప్పిందండీ, మా ఆడపడుచు చెప్పింది, నలుగుర్నీ నవ్వించి సంతకం పెట్టింది నేను.