అరవై నాలుగు ఎంబీలో ఒక గొంతు

సీమోను గొంతుకు ఆపరేషన్ గురువారం. మంగళవారం మధ్యాహ్నం ఎల్లేష్ ఆటోలోంచి ఒక పాత కంప్యూటర్‌ను దించి, ఫలక్‌నుమా స్టేషన్ వెనక సందులో ఉన్న అక్క ఇంట్లోకి మోసుకొచ్చాడు.

"గిదేందిరా, టీవీనా?" అన్నాడు సీమోను మంచం మీంచి లేస్తూ.

"నీ గొంతును పెట్టే డబ్బ, బావా."

"ఇన్నేండ్లు బస్సుల పెట్టిన. ఇప్పుడు డబ్బలనా?"

సీమోను ఆర్టీసీ కండక్టరు. "అఫ్జల్‌గంజ్, మదీనా, చార్మినార్!" అని అతను ఒక్క కేక వేస్తే రోడ్డుకు అవతల గాజుల బేరంలో మునిగిన ఆడవాళ్ళు కూడా బస్సు కోసం పరుగెత్తుకొచ్చేవాళ్ళు. ఇప్పుడు ఆ గొంతులో పుండు. గొంతుపెట్టె మొత్తం తీసేస్తే మనిషి దక్కుతాడన్నాడు డాక్టరు. ఆ తర్వాత మాట ఉండదు.

పలక మీద రాసి చూపించుకోవచ్చు. కానీ చూపించాల్సింది భార్య రాజమణికి. ఆమెకు చదువు రాదు.

ఎల్లేష్‌కు బస్తీలో కంప్యూటర్లు బాగుచేసే చిన్న దుకాణం ఉంది. అక్క ఏడుపు చూడలేక అతనే ఈ ఉపాయం ఆలోచించాడు. బావ గొంతుతో రోజువారీ మాటలన్నీ ముందే రికార్డు చేయాలి. తెర మీద ఒక్కో మాటకు ఒక్కో బొమ్మ పెట్టాలి. గ్లాసు బొమ్మ నొక్కితే "నీళ్ళు" అని సీమోను గొంతే పలకాలి. టేప్ రికార్డరైతే ఏ మాట ఎక్కడుందో తిప్పి తిప్పి వెతుక్కోవాలి. దీంట్లో ఆ తిప్పలు లేవు.

చిక్కల్లా కంప్యూటర్‌తోనే. ఏదో ఆఫీసువాళ్ళు తుక్కు కింద పారేసింది. మెమరీ అరవై నాలుగు ఎంబీయే. విండోస్ వేస్తే వైరస్‌లతో మూలుగుతోంది. అందుకే కంప్యూటర్ పత్రికతోపాటు వచ్చిన సీడీతో, విండోస్‌కు బదులు లినక్స్ ఎక్కించాడు. లినక్స్‌లో ఒక సౌకర్యం ఉంది. లోపలి యంత్రం అదే, పైన కనిపించే తెర ముస్తాబును మాత్రం మనిష్టం వచ్చినట్టు మార్చుకోవచ్చు. ఎల్లేష్ రెండు రకాలు సిద్ధం చేసుకొచ్చాడు.

మొదట తేలికది చూపించాడు. దాని పేరు ఐస్‌డబ్ల్యూఎం. చిటికెలో తెరుచుకుంది. అడుగున ఒక బూడిదరంగు పట్టీ. దాన్ని నొక్కితే ఇంగ్లీషు అక్షరాల వరస.

"బొమ్మలన్నవు గద తమ్మీ? ఏవీ?" అంది రాజమణి.

అప్పుడు రెండోది తెరిచాడు. కేడీఈ. అది తెరుచుకునేలోపు పొయ్యి మీద చాయ్ మరిగింది. కానీ తెరుచుకున్నాక తెరంతా నీలం. దాని మీద అరచేయంత బొమ్మలు. గ్లాసు, మందుబిళ్ళ, ఫ్యాను, బస్సు. రాజమణి గ్లాసు మీద వేలు పెట్టి, చిన్నపిల్లలా నవ్వింది. ఆ ఇంట్లో నవ్వు వినపడి నెలయింది.

"గదే ఉంచురా," అన్నాడు సీమోను.

"మెషిన్‌కు జర బరువైతది బావా."

"మీ అక్క నవ్వింది సూడు. బరువైతే మోస్తది తీ."

ఎల్లేష్ మైకు తగిలించాడు. "ఏదన్న ఒక మాట అను. టెస్టింగ్."

"రైట్ రైట్!"

వెంటనే తిప్పి వినిపించాడు. గోడలు అదిరాయి. వీధిలో పోతున్న ఆటోవాడు లోపలికి తొంగిచూసి, "ఎక్కడికి పోతది భాయ్ బస్సు?" అని నవ్వి పోయాడు. సీమోను కూడా నవ్వాడు, దగ్గు వచ్చేదాకా.

సరిగ్గా అప్పుడే దుకాణం పక్కనున్న ఎస్‌టీడీ బూతు నుంచి కబురు. ఆస్పత్రిలో మంచం ఖాళీ అయిందట. సాయంత్రంలోపు చేర్పించకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారట.

"ఆపకుంట అన్నీ వరసబెట్టి చెప్పు బావా. తర్వాత నేను ముక్కలు చేసుకుంట."

సీమోను స్టాపుల పేర్లు చదివినట్టు గడగడా చెప్పుకుపోయాడు. నీళ్ళు. మందు. నొప్పి. ఫ్యాను వెయ్యి. తిన్నవా? ఆకలైతలేదు. ఫికర్ చెయ్యకు. చివరి మాటకు ఆగాడు. డ్యూటీ దిగి సందు మలుపు తిరగ్గానే రోజూ వేసే పిలుపు అది.

"ఓ మణీ!"

కంప్యూటర్ పెట్టె ముందున్న ఎర్ర దీపం మినుకు మినుకుమనడం మానేసి వెలుగుతూనే ఉంది. లోపల డిస్కు కరకరమంటోంది. ఎల్లేష్ చూశాడు. 'మస్తు మాటలు రాస్తున్నది గదా, గట్లనే ఉంటది' అనుకున్నాడు. ఆటో వచ్చి హారన్ కొట్టింది.

బుధవారం ఒకసారి అక్క ఇంటికి పోయి రికార్డయినవన్నీ వినాలనుకున్నాడు. రక్తం ఇచ్చేవాళ్ళను వెతకడంలోనే పొద్దు గడిచిపోయింది. ఆ రోజంతా సీమోను వార్డులో పక్క మంచాలవాళ్ళతో జోకులేస్తూనే ఉన్నాడు.

గురువారం గొంతు తీసేశారు.

మెడలో చిల్లుతో, దాని మీద తెల్లబట్టతో సీమోను ఇంటికొచ్చాడు. అతను వచ్చేలోపు ఎల్లేష్ హడావిడిగా, వినకుండానే, తెర మీది గీతలు చూసి మాటలను ముక్కలు చేసి బొమ్మలకు అతికించాడు. తెర ముందు కూర్చుని, రాజమణిని చూస్తూ, గ్లాసు బొమ్మ నొక్కాడు.

"నీ..." మధ్యలో ఒక ఖాళీ. "...ళు."

మందుబిళ్ళ నొక్కాడు. "మ..." ఆ తర్వాత ఏమీ లేదు.

"ఫికర్ చేయకు బావా. గీ కేడీఈ బరువుకు ఊపిరాడ్తలేదు దానికి. తేలికది ఏస్త," అన్నాడు ఎల్లేష్.

మర్నాడు ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే మరో తెర ముస్తాబు ఎక్కించాడు. తెర తొందరగా వచ్చింది. మాట మాత్రం విరిగింది. ఇంకా తేలిక చేయాలి. మళ్ళీ ఐస్‌డబ్ల్యూఎంకు వచ్చాడు. కుస్తీ పట్టగా పట్టగా, ఆ బూడిదరంగు పట్టీలో కూడా బొమ్మలు పెట్టుకోవచ్చని తెలిసింది. మంగళవారం ఆ సంగతి తెలియదు. గ్లాసు, మందు, ఫ్యాను, బస్సు వరసగా పేర్చాడు. తెర రెప్పపాటులో తెరుచుకుంది. ఎర్ర దీపం ఆరిపోయి ఉంది. డిస్కు చప్పుడు లేదు.

గ్లాసు నొక్కాడు.

"నీ... ...ళు."

అదే చోట. అంతే ఖాళీ. మాటలన్నీ సీడీలోకి దించి, పరుగున దుకాణానికి పోయి, గిరాకీవాళ్ళ కొత్త కంప్యూటర్‌లో విన్నాడు. అక్కడా అదే చోట విరిగింది.

తిరిగొచ్చి గడప దగ్గరే నిలబడ్డాడు.

"బావా, పలికేటప్పుడు విరుగుతలేదు. పట్టేటప్పుడే పోయింది. ఆ రోజు కేడీఈ బరువుకు మెమరీ నిండిపోయి... మెషిన్ నీ మాటలు ఇడిచిపెట్టింది. ఎర్ర దీపం ఆరకుంట ఎలుగుతుంటే నేను సూస్తనే ఉన్న."

సీమోను చేయి మెల్లగా మెడ మీది బట్ట దాకా పోయి ఆగింది. తర్వాత బస్సు బొమ్మ నొక్కాడు.

"రైట్ రైట్!"

టెస్టింగ్ కోసం విడిగా అన్న మాట. అదొక్కటే నిండుగా ఉంది.

వంటింట్లో ఏదో గిన్నె కిందపడింది. రాజమణి తడిచేతులతో పరుగెత్తుకొచ్చింది. "బాగైందా తమ్మీ? నా పేరు పెట్టు. జల్ది పెట్టు."

సీమోనే ఆ పిలుపుకు పెట్టిన బొమ్మ నొక్కాడు.

"ఓ..." ఖాళీ. "...ణీ."

ఆమె ఎదురుచూసింది. ఇంకేమీ రాలేదు.

"మెషిన్ ఇంక సక్కగ కాలేదా?"

"ఇంక కాదక్కా. నాదే తప్పు. ఇంకో మెషిన్ తెచ్చినా గిట్లనే పలుకుతది."

రాజమణి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. తెర మీద పడ్డ వేలిముద్రను తుడిచింది.

"గట్లనే ఉండనీ. ఇగ దేన్ని ముట్టకు."

ఎల్లేష్ చాలా రోజులు ఆ సందులోకి రాలేదు. వచ్చిన రోజు సాయంత్రం తలుపు ఓరగా వేసి ఉంది. లోపల కంప్యూటర్ నడుస్తోంది.

"ఓ..."

"ఆ, వస్తున్న," అంది రాజమణి వంటింట్లోంచి, ఆ ఖాళీలోనే.

"...ణీ."

ఎల్లేష్ తలుపు తట్టబోయిన చేయి దించి, అరుగు మీద కూలబడ్డాడు.