అట్ట బూట్లు

రెండు చొక్కాలు, ఒక తువ్వాలు, సబ్బుబిళ్ల, నాలుగు రొట్టెలు సంచిలో పెట్టింది పెద్దమ్మ. అన్నీ బయటికి తీసి మళ్లీ మొదటి నుంచి సర్దింది. కొడుకు గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. గోడలకు సున్నాలు వేసి బతికేవాడు, గోళ్ల సందుల్లో ఇంకా తెలుపు పోలేదు. యుద్ధానికి రమ్మని ప్రభుత్వం పిలిచింది. రానంటే జైలు.

సంచి అడుగున తన పాత బూట్లు చూసి నవ్వాడు.

"ఇవెందుకే అమ్మా? అక్కడ కొత్తవిస్తారుగా."

"ఉండనీరా. నీకేమన్నా బరువా?"

"బూట్ల ఫ్యాక్టరీలో పనిచేస్తూ కొడుక్కి పాత బూట్లు కట్టిచ్చిందంటే నవ్విపోతారే నిన్ను."

ఆమె సంచి మూతి బిగించి కట్టింది. కొత్త బూట్ల సంగతి ఆమెకు తెలుసు. సైన్యానికి పోయే బూట్లన్నీ ఆమె ఫ్యాక్టరీలోవే. బూటు అడుగుకు మూడు పొరలుంటాయి, మూడూ తోలే కావాలి. యుద్ధం ముదిరి గిరాకీ పెరిగాక యజమాని నడిమి పొరకు అట్ట పెట్టించాడు. గమ్ము బల్ల మీద అతికాక లోపలేముందో కంటికి కనబడదు. పెద్దమ్మ మిషన్‌లోని సూదికి మాత్రం తెలుస్తుంది. తోలులో మొరాయించే సూది అట్టలో జారిపోతుంది. పని తేలికైందని అందరూ సంబరపడ్డారు. తడిస్తే అట్ట ఉబ్బి అడుగు ఊడొస్తుందని తెలుసు. తెలిసే కుట్టారు. సైన్యమంటే ఎక్కడో ఉండే జనం అనుకున్నారు.

రైలు కదిలాక ఆమె స్టేషన్‌ నుంచి నేరుగా పనికి వెళ్లి మిషన్‌ ముందు కూర్చుంది. మొదటి బూటు వచ్చింది. పెడల్‌ మీద కాలు పెట్టలేదు. ఇంకోటి వచ్చింది. ఇంకోటి. అక్కడ పని ఒక చేతి నుంచి ఇంకో చేతికి పోతుంది. ఆమె దగ్గర గుట్ట పడేసరికి అవతల మేకులు కొట్టేవాళ్ల చేతులు ఖాళీ అయ్యాయి. కాసేపట్లో హాలంతా ఆగింది.

మేస్త్రీ పరిగెత్తుకొచ్చాడు. "ఏమే ముసలీ, మిషన్‌ చెడిందా?"

"మిషన్‌ బంగారంలా ఉంది. లోపలి అట్టే బాగోలేదు."

"నోర్ముయ్! దేశం యుద్ధంలో ఉంది."

"మరి యజమాని కొడుకు ఇంట్లో ఉన్నాడేం?" మేకులు కొట్టే ఆవిడ అందుకుంది.

"ఆయనకు చూపు ఆనదని డాక్టరు రాసిచ్చాడు."

"ఆనని చూపుతోనే ఎగిరే పిట్టల్ని తుపాకీతో కొడుతున్నాడా, పాపం!"

హాలు గొల్లుమంది. నవ్వు ఆగాక కూడా ఎవరూ పనిలో కూర్చోలేదు.

సాయంత్రానికి యజమానే దిగొచ్చాడు. సరుకు లారీ మర్నాడు వెళ్లి తీరాలి.

"అట్ట సంగతి నాకు తెలియదమ్మా. సరుకిచ్చినవాడు మోసం చేశాడు. ఇక అంతా తోలే. మీ బిడ్డలకు మీరే మంచి బూట్లు కుట్టుకోండి."

ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. పెద్దమ్మ కళ్లు తుడుచుకుని పెడల్‌ మీద కాలు పెట్టింది.

"ఆగు పెద్దమ్మా," అంది గమ్ము బల్ల దగ్గరి పిల్ల. ఇరవై దాటలేదు. ఆ ఘాటుకు ఎప్పుడూ దగ్గుతుండేది. "తోలు వేస్తే ఏమవుతుంది?"

"నా కొడుకు కాళ్లు తడవవు."

"తడవని కాళ్లతో ఎక్కడికి నడిపిస్తారు వాణ్ణి?"

"చాల్లే, ఊరుకో. నువ్వూ ఒకణ్ణి పంపుంటే తెలిసేది."

"పంపాను. మా అన్నని. అప్పటికింకా అట్ట రాలేదు. వాడి సామాను తిరిగొచ్చింది పెద్దమ్మా. బూట్లు చెక్కుచెదరలేదు. ఇంకెవడైనా తొడుక్కోవచ్చు."

దగ్గు ఆపుకుని ఆ పిల్లే మళ్లీ అంది:

"అవతల దేశంలోనూ ఇలాంటి హాలు ఉంటుంది. అక్కడా ఒకావిడ కొడుకుని పంపి వచ్చి కుడుతుంటుంది. ఆమె కొడుకు మనవాణ్ణి చంపాలి, మనవాడు ఆమె కొడుకుని చంపాలి. బూట్లమ్మేవాళ్లు ఇక్కడా అక్కడా మేడలు కడతారు. అట్టయినా వాళ్లకే లాభం, తోలయినా వాళ్లకే. బూట్లెందుకే అడగడం? పిల్లల్ని వెనక్కి అడుగుదాం!"

పెద్దమ్మకు ముందు ఆ పిల్ల చెంప పగలగొట్టాలనిపించింది. ఆమెకు మిగిలిన ఒక్క ఆశనూ లాగేసుకుంది మరి. అంతలో యజమాని మొహం కంటబడింది. తోలు వేస్తానన్నప్పుడు చిరునవ్వు చెదరని మొహం, పిల్లల్ని వెనక్కి అడుగుదామనగానే పాలిపోయింది. ఆయన దేనికి భయపడతాడో ఆమెకు అప్పుడు అర్థమైంది.

మిషన్‌ నుంచి సూది ఊడదీసి జేబులో వేసుకుంది. పక్క మిషన్‌ ఆవిడా తీసింది. ఆ వరుసంతా తీసింది.

మర్నాడు అందరూ గేటుకు అడ్డంగా కూర్చున్నారు. లారీ లోపలే ఉండిపోయింది. పోలీసులు వచ్చారు. మేస్త్రీ గమ్ము పిల్లను వేలెత్తి చూపించాడు. పోలీసులు ఆమెను జుట్టు పట్టుకుని వ్యాను దగ్గరికి ఈడ్చారు. పెద్దమ్మ వ్యాను తలుపు పట్టుకుని వేలాడింది. లాఠీ దెబ్బకు మణికట్టు విరిగింది.

"సూదులివ్వకండే!" వ్యాను లోపలి నుంచి అరిచింది ఆ పిల్ల.

ఇవ్వలేదు. ఆ వారమే గుడారాలు కుట్టే ఫ్యాక్టరీ ఆగింది. తర్వాత సరుకు లారీల డ్రైవర్లు ఆగారు. చెయ్యి కట్టు విప్పకముందే వాళ్ల గేట్ల దగ్గర కూడా పెద్దమ్మ కూర్చుని వచ్చింది.

ఆమె కొడుకు ఆ చలికాలంలో యుద్ధంలో చనిపోయాడు. గమ్ము పిల్ల ఆ తర్వాతి వేసవిలో జైలు ఆస్పత్రిలో చనిపోయింది. ఇద్దరూ తిరిగి రాలేదు.