ఆండాళు పట్టుకున్న చెయ్యి

నేను ఒక చేతికర్రను. రాజమండ్రిలో ఒక వడ్రంగి నన్ను టేకుతో చేసి, పిడిని తన చెంపకు ఆనించి చూసుకున్నాడు, ఎక్కడా గరుకు తగలకూడదని. మొదట ఒక ప్లీడరుగారు కొనుక్కున్నారు. ఆయన నడకకు నాతో పనిలేదు, పిల్లల్ని అదిలించడానికే వాడారు. ఆయన పోయాక అటకెక్కాను. కోడలు హైమవతి తుంటి విరిగి, కోలుకుని మంచం దిగిన రోజున నన్ను కిందికి దింపారు. ఆనాటినుంచి నేను లేకుండా ఆమె అడుగు వేయలేదు. అదంతా నా మీద ప్రేమే అనుకున్నాను.

పోయిన చలికాలం నాగపూరు వెళుతూ హైదరాబాదులో రైలు మారాల్సి వచ్చింది. సాయంత్రందాకా ఖాళీ. కాలేజీ హాస్టల్లో ఆమెతో ఒకే గదిలో ఉన్న ఆండాళు స్టేషనుకు వచ్చింది. చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన మనిషి.

"ఏందే హైమా, గీ కట్టె ఏంది? అప్పుడే ముసల్దానివైనవా?" అంటూ రెండో చెయ్యి పట్టేసుకుంది. అంతే, నా మీద పడే బరువు సగం తగ్గిపోయింది. నా కడుపు మండింది.

ఇరానీ హోటల్లో ఇద్దరూ ఒకే సాసరులోని చాయ్‌లో బిస్కెట్లు ముంచుకు తిన్నారు. నేను కుర్చీ మీంచి జారి చప్పుడు చేస్తూ కింద పడ్డాను. ఇద్దరిలో ఒక్కరూ వంగి చూడలేదు. కాళ్ల కింద పడి వాళ్ల నవ్వులు విన్నాను.

తరవాత చార్మినార్.

"ఊర్ల మహమ్మారి పోయినందుకు సుల్తాను కట్టించిండంటరు. పా, పైకెక్కుదాం."

"నావల్ల కాదే ఆండాళూ. ఈసారి పడ్డానంటే మళ్లీ లేవను."

"నేను లేనా? మెట్లు ఇరుకు, కట్టె జారుతది. గీడనే పెట్టు."

నన్ను గాజుల బండికి ఆనించి వెళ్లిపోయారు. హైమవతి సగంలో ఆగిపోవాలని, నాకోసం కబురు పంపాలని ఎంత కోరుకున్నానో! కాసేపటికి పైన వసారాలో ఆమె కనిపించింది. రెండు చేతులూ ఎత్తి, కింద ఎవరున్నారో చూడకుండానే ఊపుతోంది. నాతో ఉండగా ఆ ముఖం అలా వెలగడం నేనెన్నడూ చూడలేదు.

దిగేటప్పుడు ఆఖరి మెట్టు మీద ఆండాళు మడమ మెలికపడింది. నిజం చెప్పొద్దూ, నాకు హాయిగా అనిపించింది. హైమవతి గోడ పట్టుకుంటూ గబగబా వచ్చి నన్ను అందుకుంది. పొంగిపోయాను. తిన్నగా తీసుకెళ్లి ఆండాళు చేతిలో పెట్టింది.

"పట్టుకో. ఆ కాలు మోపకు."

రైలు కదలబోతుంటే ఆండాళు నన్ను కిటికీలోకి చాపింది. "నీ కట్టె తీస్కోవే!"

"ఉంచుకో. నీకే కావాలి ఇప్పుడు."

అలా ఇక్కడ ఉండిపోయాను. మడమ బాగైనా ఆండాళు నన్ను వదల్లేదు. ఆమె చేతిలో ఒళ్లు బిగబట్టుకునే ఉన్నాను. నిన్న హైమవతి ఫోను చేసింది. నా ఊసు ఎత్తుతుందేమోనని చెవులు రిక్కించాను. ఎత్తలేదు.

"బజారుదాకా నడిచొచ్చానే! పక్కింటి సుభద్ర చెయ్యి పట్టుకుని."

ఆండాళు నవ్వు ఆగిపోయింది.

"ఆ సుభద్ర ఎవతే?"

నా పిడి మీద ఆమె వేళ్లు బిగుసుకున్నాయి. మొట్టమొదటిసారి ఆ చెయ్యి నాకు నచ్చింది.