పెదనాన్న మూడో చరణం

మా పెదనాన్న మొదటిసారి చర్చిలో పాడిన రోజున కప్పు మీది పావురాలన్నీ లేచిపోయి, వీధి చివర ఉన్న ఇంకో చర్చి సంఘంలో చేరిపోయాయి. ఇప్పటికీ తిరిగి రాలేదు.

చర్చిలో సౌండు చూసేది నేను. ప్రతి ఆదివారం పాటలో మూడో చరణం పెదనాన్న ఒక్కరే పాడతారు. అది రాగానే ఆయన మైకు ఆపేసి, కీబోర్డు మోత పెంచేస్తాను. పెదవులు కదులుతాయి, సంగీతం వినిపిస్తుంది, సంఘం ఊరట పొందుతుంది.

అయ్యాక ఆయన నా దగ్గరికొస్తారు.

"ఎలా ఉందిరా ఇవాళ?"

"అద్భుతం పెదనాన్నా!"

ఇలా రెండేళ్లు.

ఒక ఆదివారం పాస్టరుగారు, "మన గుండె రెండు వాటాల ఇల్లు. ఒకదాంట్లో మంచి, ఇంకోదాంట్లో చెడు. చెడు అద్దె కట్టదు, ఖాళీ చెయ్యదు, పైగా మంచి గోడకి మేకులు కొడుతుంది" అంటూ నా వైపే చూశారు. నా వెనక గోడ గడియారం ఉందని తర్వాత గుర్తొచ్చింది. అప్పటికే నా గుండెలో ఇద్దరూ జుట్లు పట్టుకున్నారు.

"కన్నబిడ్డలా చూసుకునే మనిషిని మోసం చేస్తావా?" అంది మంచి.

"మూడొందలమంది చెవులు కాపాడుతున్నాం కదమ్మా" అంది చెడు.

నిజానికి చెడు మాటే సబబుగా ఉంది. అయినా మూడో చరణం రాగానే కళ్లు మూసుకుని మైకు ఆపకుండా వదిలేశాను, కీబోర్డు తగ్గించాను.

పెదనాన్న కూడా కళ్లు మూసుకుని, పాట వరసలోనే అందుకున్నారు.

"ఆకలేస్తోందీ... అయ్యగారు ప్రసంగం గంటన్నర వాయించారూ... సౌండు దగ్గర మా తమ్ముడి కొడుకూ... అద్భుతమంటాడూ... దొంగవెధవా..."

'వెధవా' స్పీకర్లలోంచి తిరిగొచ్చి ఆయన చెవిన పడింది. కీబోర్డాయన చేతులు గాల్లోనే ఆగిపోయాయి. పెదనాన్న మొహంలో నెత్తురు చుక్క లేదు.

"మెషిన్ పాడైంది, ఎవరి గొంతో కలిసిందని చెప్పెయ్" అని చెడు చెవి కొరికింది. మంచి సలహాయే. కానీ కాళ్లు నా మాట వినకుండా ముందుకెళ్లిపోయాయి.

"పెదనాన్నా, రెండేళ్లుగా మీ మైకు నేనే ఆపేస్తున్నాను. అద్భుతమన్నదంతా అబద్ధం. క్షమించండి."

"తెలుసురా" అన్నారాయన, ఇంకా మైకులోనే. "నా గొంతు స్పీకర్లో రాకపోతే నాకు తెలీదా? రెండోవారమే తెలిసింది."

"మరి ఎలా ఉందని ఎందుకడిగేవారు?"

"అబద్ధమాడితే నీ చెవులు ఎర్రబడతాయిరా. చూడ్డానికి సరదాగా ఉండేది. నాదీ తప్పే. అయ్యగారూ, మీరూ క్షమించాలి."

"గంటన్నర కాదు, గంటా పాతిక నిమిషాలే" అని సరిదిద్ది, క్షమించారు పాస్టరుగారు.

ముందు బెంచీ మామ్మ నా చెయ్యి పట్టుకుంది. "మైకు ఆపింది నువ్వా నాయనా? మా ఉపవాస ప్రార్థన ఫలించిందనుకున్నాం."

మరుసటి ఆదివారం మూడో చరణానికి మూడొందల తలలూ నా వైపు తిరిగాయి. మైకు ఆపమని ఎవరూ నోరు తెరిచి అడగలేదు. పాస్టరుగారైతే రెండు చేతులూ జోడించారు. నేను నా చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. పెదనాన్న పూర్తిగా పాడారు.

అయ్యాక వచ్చారు. "ఎలా ఉందిరా?"

"ఘోరం పెదనాన్నా."

ఆయన వంగి నా చెవులు రెండూ పరీక్షగా చూశారు. ఎర్రబడలేదు. భుజం తట్టి, సంతోషంగా భోజనానికి వెళ్లిపోయారు.