ఒక్క మనిషికి పెసరపప్పు

నల్లా నీళ్లు ఇక రోజు విడిచి రోజు వస్తాయన్న వార్తను భిక్షపతి సగం పేర్చేశాడు. కుడిచెయ్యి గూళ్ల మీద తిరిగి ఒక్కొక్క సీసపు అక్షరాన్నే ఏరి తెస్తోంది, ఎడమచేతిలో అక్షరాలు వరస పేర్చే ఇనుప స్టిక్ దాన్ని అందుకుంటోంది. ఇరవై రెండేళ్లుగా అదే అక్షరాల కేసు ముందు నిలబడ్డ మనిషికి గూళ్ల వైపు చూడవలసిన పని లేదు. చూపు మెట్ల మీద ఉంది. గురువారం పదకొండవుతున్నా టపా రాలేదు.

మనిషి సన్నం. స్టిక్ పట్టీ పట్టీ ఎడమ భుజం రెండు వేళ్లంత కిందికి దిగింది. గోళ్లలో సీసం నలుపు పట్టేసి, ఏ సబ్బుకూ వదలనని మొండికేసింది. అన్నం కలిపేటప్పుడు కూడా ఆయన వేళ్లు అక్షరాలు వెతుకుతున్నట్టే ఉంటాయని భార్య రాజమణి నవ్వుతుంది. ఉప్పుగూడ నుంచి పొద్దున్నే సైకిలు మీద రావడం, లాడ్ బజార్ వెనక సందులోని ఈ మేడ మెట్లెక్కడం, చీకటి పడేలోపు దిగడం, ఇదీ ఆయన జీవితం. లక్షల మాటలు అచ్చు వేశాడు, ఒక్కదాని కిందా తన పేరు లేదు. ఉండాలని అనుకున్నవాడూ కాదు.

ఆ మేడ మీద అచ్చయ్యేది ‘ముంగిలి’ అనే నాలుగు పేజీల వారపత్రిక. శుక్రవారం పొద్దున వస్తుంది. మూడు పేజీలు సంపాదకుడు విఠల్‌రావే రాస్తాడు. జనం కొనేది మాత్రం నాలుగో పేజీ కోసం. ఆ సంగతి తెలిసీ పదిహేడేళ్లుగా పత్రిక నడుపుతున్నాడంటే విఠల్‌రావు మంచివాడనే చెప్పాలి.

నాలుగో పేజీలో ‘రమాబాయి వంటిల్లు’ ఉంటుంది. సైదాబాద్‌లో ఉండే రమాబాయి వంటలు రాస్తుంది. మాట్లాడినట్టే రాస్తుంది. లాడ్ బజార్‌లో గాజులు కట్టివ్వడానికి పాత పత్రికలు కిలోల లెక్కన కొంటారు. అందులో ‘ముంగిలి’ ఏ ఇంటి నుంచి వచ్చినా నాలుగో పేజీలో కత్తెరతో కోసిన కిటికీ ఉండి తీరుతుంది. కింద గాజుల దుకాణం సక్కుబాయి దీనికి రోజూ భిక్షపతినే తిడుతుంది.

“నీ పేపర్ల గాజులు కడితే నడుమ బొక్కల నుంచి జారిపోతున్నయన్నా. ఏం పత్రికనో ఏమో!” అని, వెంటనే గొంతు తగ్గించి, “ఈ వారం ఏం వండుతదట మన బాయమ్మ?” అని అడుగుతుంది.

అంత ప్రేమ ఎందుకంటే, రమాబాయి ఎప్పుడూ ‘తగినంత ఉప్పు’ అని రాయలేదు. పదిహేడేళ్లలో ఒక్కసారీ రాయలేదు. ఎంత తగుతుందో తెలిసినవాళ్లు నన్నెందుకు చదువుతారని ఆమె వాదన. మూడు వేళ్లకు అందినంత అంటుంది, చారెడు అంటుంది, చింతపండు అయితే మీ బొటనవేలంత అంటుంది. అత్తారింట్లో మొదటిసారి పొయ్యి ముందు నిలబడి వణికిన ఆడపిల్లలు ఎంతమంది ఆ మూడు వేళ్లు పట్టుకొని గట్టెక్కారో లెక్కలేదు. వాళ్లే రాస్తారు, ఉత్తరాలు కట్టలు కట్టలుగా.

భిక్షపతికైతే అంతకన్నా పెద్ద కారణం ఉంది. పన్నెండేళ్ల కిందట ఆయన ఆమె పరువు తీశాడు. అప్పుడు రాజమణి బాలింత. ఇల్లంతా ఎల్లిగడ్డ కారం వాసన, చొక్కాకు అదే వెల్లుల్లి ఘాటు, తలకు అదే. ఆ వారం పచ్చిపులుసు గురించి రమాబాయి ‘ఉల్లిగడ్డ పిడికెడు’ అని రాస్తే, భిక్షపతి చెయ్యి తనంతట తాను ‘ఎ’ గూట్లోకి పోయి ‘ఎల్లిగడ్డ పిడికెడు’ అని పేర్చింది. ప్రూఫులో ఎవరూ పట్టుకోలేదు. శుక్రవారం మధ్యాహ్నానికి సగం పట్నం పచ్చి ఎల్లిగడ్డ నమిలి కళ్లనీళ్లు పెట్టుకుంది. ఉద్యోగం పోయిందనే అనుకున్నాడు. మరుసటి వారం రమాబాయి ఇలా రాసింది: “తప్పు నా చేతిరాతది, అచ్చు పేర్చినాయనది కాదు. ఎవ్వరూ ఆయన్ని ఏమనొద్దు. నాలుగు రెబ్బలు నిప్పుల మీద కాల్చి, నూరి వేసి చూసిన, మంచిగనే ఉన్నది. మీరూ చూడుండ్రి.” చూశారు. ఇప్పటికీ చాలా ఇళ్లలో పచ్చిపులుసు అట్లాగే చేస్తారు.

నిజానికి ఆమె చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. ఆ సంగతి భిక్షపతికి తప్ప ఎవరికీ తెలియదు.

టపా వచ్చింది. కట్టలో ముప్పాతిక వంతు ఉత్తరాలు రమాబాయి పేరుతోనే ఉన్నాయి. రమాబాయి పంపింది మాత్రం ఒక్కటీ లేదు. విఠల్‌రావు కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకున్నాడు.

“మూడు వారాల నుంచి పాతవే వేస్తున్నం భిక్షపతీ. ఇట్ల ఎన్ని రోజులు? బట్టల దుకాణమాయన తన ప్రకటనకు ఆ జాగ ఎప్పటికీ కావాలంటున్నడు. నాలుగు కొట్టేవరకు ఆమెది రాకుంటే ఇచ్చేస్త. ఒక్కసారి మాట ఇచ్చిన్నంటే మళ్ల తీసుకునేది ఉండదు.”

భిక్షపతి స్టిక్ కింద పెట్టాడు. “నేను పోయి తెస్త సార్.”

“నువ్వు పోతే పేజీ ఎవరు పేరుస్తరు?”

“నేనే. వచ్చి పేరుస్త.”

డబీర్‌పురా దాటి, చంచల్‌గూడ మీదుగా, మిట్టమధ్యాహ్నం ఎండలో సైకిలు తొక్కాడు. ఇన్నేళ్లలో ఆమెను ఒక్కసారీ చూడలేదు. కానీ ఏ వారం ఆమెకు జ్వరం వచ్చిందో, ఏ వారం సిరా తక్కువై నీళ్లు కలిపిందో ఆయనకు తెలుసు. చివరగా వచ్చిన కాగితంలో రాత వరసలు కిందికి జారాయి. ఆ సంగతి మనసులో పెట్టుకొనే తొక్కుతున్నాడు. ఇవాళ ఆ జాగ పోతే రమాబాయి పోయినట్టేనని, అది తాను బతికుండగా జరగకూడదని ఆయన పట్టుదల.

తలుపు తీసింది సులోచన, రమాబాయి మేనకోడలు, బడిలో పంతులమ్మ. వంటింటి గుమ్మం పక్కనే మంచం వేసి ఉంది. పొయ్యి కనబడేలా వేయించుకున్నట్టుంది. చిన్న మనిషి, తెల్లటి జుట్టు. కుడిచెయ్యి దుప్పటి మీద ఎవరిదో పెట్టినట్టు పడి ఉంది.

“ఎవరే?” అంది మంచం మీది గొంతు. మాట కొంచెం ముద్దగా వస్తోంది.

“అచ్చాఫీసు నుంచి వచ్చిన్రు అత్తా. అచ్చు పేర్చే భిక్షపతి అట.”

“ఎల్లిగడ్డ భిక్షపతా!”

భిక్షపతి చెవులు ఎర్రబడ్డాయి. “నేనే అమ్మా” అన్నాడు. ఆమె సగం మూతితోనే పెద్దగా నవ్వింది.

నెల కిందట చెయ్యి పడిపోయిందనీ, అప్పటి నుంచి తాను వచ్చి ఉంటున్నాననీ, పత్రికకు చెప్పొద్దని ఒట్టు పెట్టిందనీ సులోచన చెప్పింది. “నువ్వు చెప్పు, నేను రాస్త అంటే ఇనదు. మూడుసార్లు రాసిన, మూడుసార్లు చింపించింది.”

“చింపక ఏం చేస్త? ‘తగినంత ఉప్పు’ అని రాసింది. పంతులమ్మ!” అని మంచం మీంచి జవాబు వచ్చింది. 

రమాబాయి ఎడమచేత్తో దిండు కింద వెతికి ఒక ఇన్లాండు ఉత్తరం తీసి ఇచ్చింది. మడతల దగ్గర చినిగిపోయేలా ఉంది, చాలాసార్లు చదివి ఉండాలి. ఉప్పుగూడ రైల్వే గ్యాంగ్‌లో పనిచేసే మొగులయ్య రాసింది. భార్య పోయి ఆరు నెలలైందనీ, ఆమె గోడకు అంటించిన ‘వంటిల్లు’ కాగితాలు చూసి వండుకుంటున్నాననీ రాశాడు. అన్నీ ఆరుగురికో ఎనిమిది మందికో ఉన్నాయి, మిగిలింది పారబోయాలంటే చేతులు రావడం లేదు, ఒక్క మనిషికి పప్పు ఎట్లా వండాలమ్మా అని అడిగాడు.

“ఇన్నేండ్లల్ల నన్ను ఇది ఒక్కరూ అడగలే. నాకూ తోచలే. నేనూ ఒక్కదాన్నే వండుకుంటున్న కద ఇరవై ఏండ్ల నుంచి! ఆయనకు జవాబు చెప్పకుంట నేను పోను” అంది రమాబాయి.

సులోచన కాగితం తెస్తానంటే భిక్షపతి వద్దన్నాడు. మంచం పక్కన కూర్చొని కళ్లు మూసుకున్నాడు. “చెప్పుండ్రి అమ్మా.”

ఆమె చెప్పింది. మధ్యమధ్య ఆగి, ఊపిరి తీసుకొని చెప్పింది. పెసరపప్పు ఒక్క గుప్పెడు. మీ గుప్పెడే, ఇంకొకరిది కాదు. ఉత్త గిన్నెలో కమ్మటి వాసన వచ్చేదాకా వేయించాలి. కడిగి, పప్పు మునిగి పైన రెండు వేళ్లు నిలిచేలా నీళ్లు పోయాలి. పచ్చిమిరపకాయ ఒక్కటి చాలు. భిక్షపతి కుడిచేతి వేళ్లు మోకాలి మీద కదులుతున్నాయి. గూట్లోకి పోయినట్టు, వచ్చినట్టు. సులోచన ఆ వేళ్లనే చూస్తూ నిలబడింది. రెండు ఎల్లిగడ్డ రెబ్బలు, చిటికెడు జీలకర్ర, చెంచాడు నూనెలో ఎర్రబడ్డాక పప్పులో వేయమంది రమాబాయి. ‘ఎల్లిగడ్డ’ అన్నప్పుడు కావాలనే ఆగింది.

“ఎల్లిగడ్డనే కద అమ్మా?” అన్నాడు భిక్షపతి.

“ఎల్లిగడ్డనే. ఈసారి పక్కా.”

ఇంకేముందన్నట్టు ఆమె కళ్లు మూసుకుంది. భిక్షపతి వేళ్లు ఆగలేదు. ఏదో గూడు ఖాళీగా ఉందని వాటికి తెలిసిపోయింది.

“అమ్మా, ఉప్పు?”

ఆమె కళ్లు తెరిచింది. “నువ్వే చెప్పు. ఇన్నేండ్ల సంది అచ్చేస్తున్నవ్.”

జన్మలో పొయ్యి ముట్టించని మనిషి. కాసేపు ఆలోచించాడు. “గుప్పెడు పప్పుకైతే... రెండు వేళ్లకు అందినంత. మూడు ఎక్కువైతది.”

“తగినంత అనలే, బతికినవ్” అంది రమాబాయి. తర్వాత గొంతు మార్చి, ఒక్కొక్క మాటే చెప్పింది: “ఆఖరికి ఇది రాయి. గిన్నెలనే తినొద్దు. ఒక్కడినే కద అని పొయ్యి కాడ నిలబడి తినొద్దు. పళ్లెం పెట్టుకొని, కూసోని తినాలె.”

లేవబోతే ఆపింది. “వస్తదా?”

“రేపు పొద్దుగల్ల వస్తదమ్మా.”

“అయితే పో. ఎండల వచ్చినవ్, మజ్జిగ తాగి పో.”

తాగాడు. అందులో ఉప్పు ఉండవలసినంతే ఉంది. అదెంతో అడుగుదామనుకొని, వేళయిందని బయలుదేరాడు.

మూడుంబావుకు కేసు ముందున్నాడు. కాగితం చూడకుండా పేర్చడం ఆయనకు అదే మొదటిసారి. చెమట కళ్లలోకి కారుతున్నా తుడుచుకోలేదు. నాలుగింటికి ఐదు నిమిషాలుండగా ప్రూఫు తీసి విఠల్‌రావు ముందు పెట్టాడు.

“చేతిరాత కాపీ ఏది?”

“లేదు సార్. ఆమె చెప్పింది, నేను పేర్చిన.”

విఠల్‌రావు చదివాడు. మళ్లీ మొదటి నుంచి చదివాడు. ఆయన భార్య పుట్టింటికి పోయినప్పుడల్లా గిన్నెలోనే తింటాడని ఆఫీసులో అందరికీ తెలుసు. ప్రూఫు మీద ఒక్క దిద్దుబాటూ లేకుండా తిరిగిచ్చాడు.

“ఆ బట్టల ప్రకటన మూడో పేజీల సర్దు. జాగ చాలకుంటే నా సంపాదకీయం సగం కొయ్యి” అన్నాడు.

ఆరింటికి మిషన్ నడుస్తుండగా ఫోను మోగింది. విఠల్‌రావు విని, పెట్టేసి, కాసేపు దాని మీదే చెయ్యి ఉంచాడు. రమాబాయి అయిదుంబావుకు పోయిందట. నిద్రలోనే అట. మిషన్ ఆపించాడు. ఇంకా సగం ప్రతులు అచ్చు కావలసి ఉన్నాయి.

“నల్లగీత గీసి రెండు లైన్లు పెడ్దామా?” అని అడిగాడు. పదిహేడేళ్లలో ఆయన భిక్షపతిని అడిగి చేసిన పని ఇదొక్కటే.

భిక్షపతి తడి ఆరని కాగితం ఒకటి చేతిలోకి తీసుకొని చూశాడు. “వద్దు సార్. వచ్చే వారం పెడ్దాం. ఈ వారం ఆమె మాట్లాడుతున్నది. నడుమల మనం మాట్లాడొద్దు.”

మిషన్ మళ్లీ నడిచింది. ప్రతి గురువారం లాగే ఇంటికి పోగానే రాజమణికి ఆ వారం వంట చెప్పాడు. ఆమెకు చదువు రాదు, కానీ పత్రిక కన్నా ఒక రోజు ముందే వంట తెలిసిపోతుందని వాడలో ఆమెకు గర్వం. ఉప్పు దగ్గరికి వచ్చేసరికి చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. రాజమణి పక్కన కూర్చుంది.

శుక్రవారం తొమ్మిదింటికి, విఠల్‌రావుతో కలిసి సైదాబాద్‌లో అంత్యక్రియలకు పోవాలని ఆఫీసుకు వచ్చాడు. విఠల్‌రావు పూలదండ కోసం కిందికి దిగాడు. అప్పుడే మెట్లెక్కి ఒక మనిషి వచ్చాడు. పొడుగ్గా ఉన్నాడు, ఎండకు నల్లబడ్డాడు, రైల్వేవాళ్ల నీలం చొక్కా వేసుకున్నాడు. చేతిలో పాతగుడ్డ చుట్టిన చిన్న స్టీలు డబ్బా.

“రమాబాయమ్మకు చేర్చాలె భాయ్. నేను మొగులయ్య. ఇల్లెక్కడో తెల్వదు, పేపర్ మీద ఈ అడ్రసు చూసి వచ్చిన. పొద్దుగల్లనే చదివి వండిన. ఒక్కరికి అన్నది గానీ రెండు గుప్పిళ్లు పోసిన. ఒకటి నాకు, ఒకటి ఆమెకు.” సిగ్గుగా నవ్వాడు. “పళ్లెంలనే తిన్న అని చెప్పు.”

భిక్షపతి కేసు అంచు పట్టుకున్నాడు. అబద్ధం చెప్పవచ్చు, ఆ మనిషి సంతోషంగా మెట్లు దిగిపోతాడు. కానీ రమాబాయి ఎవరికీ తప్పు కొలత చెప్పలేదు.

“నిన్న సాయంత్రం పోయింది మొగులన్నా. నీకు జవాబు చెప్పినంకనే పోయింది.”

మొగులయ్య డబ్బాను రెండు చేతులతో పట్టుకొని నిలబడ్డాడు, ఎక్కడ పెట్టాలో తెలియనట్టు. తర్వాత అడిగాడు.

“ఎన్ని గంటలకు తీస్తరు?”

“పదింటికి.”

“నేనూ వస్త.”

పేజీలు కట్టే బల్ల మీద, నిన్నటి నాలుగో పేజీ పక్కన, డబ్బా పెట్టాడు. ఇద్దరూ మెట్లు దిగారు. కింద సక్కుబాయి వాళ్ల ముఖాలు చూసి, గాజులు కడుతున్న కాగితం పక్కన పెట్టింది. పైన గదిలో ఎవరూ లేరు. గుడ్డ వదులై పక్కకు జారింది. డబ్బా ఇంకా వెచ్చగానే ఉంది, మూత అంచున కారిన పప్పు చుక్క ఇంకా ఆరలేదు.